సీమ శబ్దం, సీమ జనం

నిరుడు సంక్రాంతికి సెలవు మీద వచ్చిన నా పాత విద్యార్థి ఒకడు నంద్యాలలో కలిసినాడు. వానికి సరిహద్దు భద్రతా దళంలో ఉద్యోగం. ఆ దళానికి హిందీలో ‘సీమా సురక్షా బల్’ అని పేరు. “మాది సీమే, మా దళమూ సీమదే సార్. కాకపోతే అక్కడ సీమంటే ముళ్ళకంచె, ఇక్కడ సీమంటే మా ఊరు” అన్నాడు నవ్వుతూ. వాడు నిఘంటువు తిరగేసినవాడు కాడు. కాని భాషాశాస్త్రజ్ఞులు పేజీలకు పేజీలు రాయవలసిన సంగతిని ఒక్క మాటలో పట్టుకున్నాడు.

సంస్కృతంలో సీమ అంటే అంచు. రెండు వస్తువులను విడదీసే గీత. తల మీది పాపట సీమంతం. మన ఇళ్ళలో నిండుచూలాలికి జరిపే సీమంతానికి ఆ పేరు రావడం పాపటను పైకి దువ్వే సంస్కారం వల్లనే. హిందీలో, బెంగాలీలో సీమ నేటికీ హద్దే. మరాఠీవారు విజయదశమి నాడు ఊరి పొలిమేర దాటి ‘సీమోల్లంఘనం’ చేస్తారు; ఒకనాడు అది దండయాత్రకు ముహూర్తం. ఆ మాటే అరిగి మరాఠీలో ‘శీవ’ అయింది. బొంబాయిలో సైన్ అని మనం పిలిచే పేట అసలు పేరు శీవ్, ద్వీపం అంచు. బౌద్ధులకు సీమ అంటే సంఘం కూడి కర్మలు జరుపుకొనే స్థలానికి గీసిన ఎల్ల. కొండ, బండ, చెట్టు, పుట్ట, ఏరు వంటి గురుతులతో దానిని నిర్ణయించాలని వినయపిటకం చెప్పుతుంది. థాయిలాండు ఆలయాల చుట్టూ ఈనాటికీ నిలిచి ఉన్న రాళ్ళను అక్కడివారు ‘సేమా’ అనే అంటారు.

దక్షిణాదికి వచ్చేసరికి ఈ మాట తల్లకిందులైంది. గీత పేరు గీత లోపలి నేలకు అంటుకున్నది. విజయనగర కాలపు శాసనాలలో సీమ ఒక పాలనా భాగం. గండికోట సీమ అటువంటిది. కన్నడంలో సీమె, తమిళంలో శీమై ఈ అర్థంలోనే నిలిచినవి. మనకు కోనసీమ ఉన్నది, పలనాటి సీమ ఉన్నది. అంచును చెప్పడానికి మాత్రం తెలుగువాడు ఎల్ల, పొలిమేర, గట్టు అనే తన మాటలను వాడుకున్నాడు. అవి చాలవన్నట్టు పారశీకపు ‘సర్‌హద్’ను తెచ్చి సరిహద్దు చేసుకున్నాడు. భాషలో శుద్ధత కోసం వెదికే పండితులు ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగితే మంచిది.

ఆపైన తెల్లదొరలు వచ్చినారు. సీమ అనే మాట ఒక్కసారిగా సముద్రాలు దాటిపోయింది. సీమదొర, సీమసరుకు, సీమచింత, సీమవంకాయ. కన్నడిగులకు కిరసనాయిలు సీమె ఎణ్ణె, సుద్దముక్క సీమె సుణ్ణ. తమిళులకు శీమై అంటే ఇంగ్లండే. ఉత్తరాదిన ‘విలాయత్’కూ ఇదే గతి పట్టింది. అరబ్బీ పారశీకాల నుంచి వచ్చిన ఆ మాటకు రాజ్యం, రాష్ట్రం అని అర్థం. తుదకు అది లండను పేరైంది. ఏలేవాడు ఎక్కడివాడో ఆ దేశమే ‘దేశం’ అయి కూర్చోవడం వలసపాలన భాషకు వేసిన ముద్ర. సీమచింత పుట్టినిల్లు అమెరికా ఖండమన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఓడ దిగిందంటే సీమదే.

ఇక నంద్యాలకు వస్తాను. 1928 నవంబరులో ఇక్కడ ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. దానితోపాటు కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా జరిగింది. ‘దత్తమండలాలు’ అనే పేరు తీసివేసి ‘రాయలసీమ’ అని పిలుచుకోవాలని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించగా సభ ఆమోదించింది. చాలాకాలం ఈ ఘనత గాడిచర్ల హరిసర్వోత్తమరావుదని చెప్పుకున్నారు. నారాయణరావు శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టినవాడు. అనంతపురంలో దత్తమండల కళాశాల అనే పేరుగల కళాశాలలోనే పాఠాలు చెప్పినవాడు. రోజూ ఆ పేరు కింద నుంచి నడిచి తరగతికి పోయే అధ్యాపకునికి అది గుచ్చుకొని ఉంటుంది.

గుచ్చుకోవలసిన పేరే అది. 1800లో నైజాము కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈ జిల్లాలను ఇంగ్లీషువారికి అప్పగించినాడు. అది బాకీకి జమకట్టిన నేల. ‘సీడెడ్’ అనే ఇంగ్లీషు మాటలో ఆ లొంగుబాటు దాగకుండా ఉన్నది. తెలుగులో ‘దత్త’ అనగానే దానం, దత్తపుత్రుడు, దత్తాత్రేయుడు తోచి బేరం కాస్తా పుణ్యకార్యమైపోయింది. అనువాదం కూడా ఒక్కొక్కప్పుడు దొరల కొలువు చేస్తుంది. ఇంకొక విశేషం చెప్పాలి. నంద్యాల ప్రాంతం ఆ దత్తంలో నేరుగా చేరనే లేదు. అది కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. 1800లో కంపెనీకి దక్కినది నవాబు కట్టే కప్పం మీది హక్కు మాత్రమే. 1839లో ఆయుధాలు కూడబెట్టినాడన్న నెపంతో నవాబును పట్టుకొని నేలను కూడా కలుపుకున్నారు. అంటే ఏ ఊళ్ళో దత్త శబ్దాన్ని తుడిచివేసినారో ఆ ఊరు దత్తం కాదు, లాక్కున్నది. ఆళ్ళగడ్డకు పొరుగున ఉన్న కోయిలకుంట్ల మాత్రం మొదటి నుంచీ దత్తమే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరితీసినది అక్కడే. ఆయన పాలెగాళ్ళ వంశీకుడు, భరణం తీసుకున్నవాడు. ఆయన బాధ పోయిన పాలెం బాధ. కాని ఆయన వెంట నడిచినవారిలో మాన్యాలు ఊడిపోయిన కట్టుబడి బంట్లు, రైతులు ఉన్నారు. వారు పోగొట్టుకున్నది రాజ్యం కాదు, నాలుగు గట్ల మధ్య ఉన్న చేను.

అందుచేత 1928 నాటి పేరుమార్పును నేను తక్కువ చేయను. బానిస పేరును సభాముఖంగా విసిరికొట్టడం సామ్రాజ్యవాదానికి చెప్పిన జవాబే. నా పేచీ ‘సీమ’తో కాదు, ‘రాయల’తో. పరాయి రాజు ఇచ్చినదన్న మాట పోయి, మన రాజు ఏలినదన్న మాట వచ్చింది. రెండింటిలోనూ నేల ఎవరిదో ఒక ప్రభువుదే. పైగా చరిత్ర ఒక వెక్కిరింత కూడా చేసింది. రాయల రాజధాని హంపి ఆనాటి బళ్ళారి జిల్లాలోనిది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చినవి, తక్కిన బళ్ళారి మైసూరుకు పోయింది. రాయలు లేని రాయలసీమ మనకు మిగిలింది. అయినా రతనాలు రాసులు పోసి అమ్మినారన్న ముచ్చట మన ఉపన్యాసాలను వదలలేదు. ఆ రతనాల అంగడిలో కూలివాని రోజుకూలి ఎంతో అడిగిన వక్త నాకు తగలలేదు.

అడిగినవాడు కవి. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో గతవైభవం మాట లేకపోలేదు. కాని కావ్యం నిలబడినది చితికిపోయిన రైతుబిడ్డ రంగడి మీద, అతని భార్య గంగమ్మ మీద. సీమ అనే మాటలోకి మొట్టమొదట మనుషులను, ఆకలిగొన్న మనుషులను, పేరుపెట్టి ప్రవేశపెట్టిన కావ్యాలలో అది ముఖ్యమైనది. సభ ఇచ్చిన పేరుకు అర్థం ఇచ్చినది అటువంటి కావ్యమే అంటాను.

ఆ అర్థాన్ని మళ్ళీ దోచుకున్నది సినిమా. 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయం తరువాత ‘సీమ’ ఒక విశేషణమైపోయింది: సీమ పౌరుషం, సీమ కత్తి, సీమ బాంబు. ఆళ్ళగడ్డ, నంద్యాల అనే ఊళ్ళ పేర్లు వింటేనే ప్రేక్షకుడు ఎగిరే సుమోల కోసం చూస్తాడు. ఇక్కడ కక్షలు లేవని బుకాయించడం లేదు. ఉన్నవి, కాని అవి రక్తంలోనో నీళ్ళలోనో పుట్టినవి కావు. ఊరి నేల, నీరు, కంట్రాక్టు, ఓటు ఎవరి గుప్పిట ఉండాలన్న భూస్వామ్యపు తగాదాలు. చచ్చేది పేదరైతు, జీతగాడు. సినిమా తీసేది దొరగారి మీసం మీద. కర్నూలు-కడప కాలువ కింద నంద్యాల చుట్టూ పండే వరి ఆ సినిమాలలో ఎక్కడా కనిపించదు. వారికి ఎర్రమట్టి, ఎండిన గుట్ట చాలు. విచిత్రమేమంటే చిత్రాల పంపిణీదారుల లెక్కలలో మన ప్రాంతం నేటికీ ‘సీడెడ్’. 1928లో నంద్యాలలో తీసివేసిన పేరు వసూళ్ళ పట్టికలో సుఖంగా బతికి ఉన్నది! ఇక సీమ అనే మాట పాత ‘సీమదొర’ అర్థానికి దగ్గరగా జరిగింది. టిక్కెట్టు కొని దూరం నుంచి వింతగా చూసే పరాయిదేశం.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో సీమావివాదాల ప్రకరణం ఉన్నది. పొలిమేర తెలియడానికి మర్రి, రావి, తాటి వంటి చెట్లు నాటాలట. చెట్లు పోయినా గురుతు పోకుండా బొగ్గు, ఊక, ఎముకలు, పెంకులు భూమిలో పాతిపెట్టాలట. సాక్షులు ఎర్రని పూలదండలు వేసుకొని, నెత్తిన మట్టి పెట్టుకొని ప్రమాణం చేయాలట. ఇరుగుపొరుగు సాక్షులు దొరకకపోతే ఎవరిని అడగాలో కూడా చెప్పినాడు: వేటగాళ్ళు, పశులకాపరులు, చేపలు పట్టేవారు, దుంపలు తవ్వేవారు, పాములు పట్టేవారు, పరిగె ఏరుకొనేవారు. తక్కిన పుస్తకమంతటా ఈ జనాన్ని అంచుకు నెట్టిన స్మృతికర్త, అంచు ఎక్కడున్నదో తెలియాలంటే మాత్రం వారి దగ్గరికే పోవలసి వచ్చింది. నేల మీద నడిచేది వారే కదా.

1928 సభలో ఇటువంటి సాక్షులు ఉన్నట్టు నాకు తోచదు. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం దారి పట్టితే నల్లమల మొదలవుతుంది. నరసింహస్వామికి చెంచులక్ష్మినిచ్చి పెళ్ళి చేసిన కథ ఇక్కడి చెంచులది. దేవుడినే అల్లుడిగా చేసుకున్న ఆ జనానికి రాయలతో పనిలేదు, దత్తంతో పనిలేదు. వారికి సీమ అంటే ఏమిటో సంస్కృతం చెప్పిన పాత అర్థమే సరిగ్గా సరిపోతుంది. రక్షిత అడవి అంచున సర్కారువారు నాటిన హద్దురాయి.