‘అల్పజీవి’ నవల – పాఠక స్పందనలో ద్వైవిధ్యం

కీలకపదాలు: రావిశాస్త్రి, చైతన్య స్రవంతి, కథనస్వరం, పాఠక స్పందన.

ఉపోద్ఘాతం

1922లో శ్రీకాకుళంలో జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రిని ఉత్తరాంధ్ర పాఠకులు ‘ఆరు సారా కథలు’ రచయితగా ఎంతో ఆత్మీయంగా స్వీకరించారు. ఆయన తొలి నవల ‘అల్పజీవి’ విషయంలో ఆ ఏకాభిప్రాయం కనిపించదు. ఈ భేదానికి మూలం పాఠకుల స్థాయిలో ఉందా, నవల నిర్మాణంలో ఉందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రెండు స్పందనలు

ఈ నవలను తరగతిలో చర్చించిన ప్రతిసారీ విద్యార్థులు రెండుగా చీలిపోవడం ఈ వ్యాసకర్త అనుభవం. “కథ ముందుకు కదలదు” అన్నది ఒక పక్షం. “ఈ సుబ్బయ్య నాకు తెలుసు” అన్నది మరో పక్షం. మొదటి పక్షానికి ‘చైతన్య స్రవంతి శిల్పం అలాగే ఉంటుంది’ అని సమాధానమిచ్చి ముగించడం మనకు అలవాటైంది. అది వివరణ కాదు, పాఠకుని నోరు మూయించడం.

నిర్మాణ పరిశీలన

గుమాస్తా సుబ్బయ్యకు బావమరిది వెంకట్రావన్నా భయమే, కంట్రాక్టరు గవరయ్యన్నా భయమే. అప్పు అనే చిన్న విషయం చుట్టూ ఆ భయం పేజీలకొద్దీ సుడులు తిరుగుతుంది. అయితే నవీన్ ‘అంపశయ్య’ (1969)లో కథాకాలం ఒక్క రోజుకు పరిమితం కావడం వల్ల పాఠకునికి కాలమనే ఆసరా దొరుకుతుంది. ‘అల్పజీవి’లో అటువంటి ఆసరా లేదు. అంతేకాదు, సుబ్బయ్య ఆలోచనల పక్కనే కథకుని వ్యంగ్యస్వరమూ వినిపిస్తూ ఉంటుంది. అతనిని చూసి నవ్వాలో, జాలిపడాలో రచయిత తేల్చిచెప్పడు. నవ్విన పాఠకునికి ఆలోచనల పునరుక్తి విసుగు పుట్టిస్తుంది. జాలిపడిన పాఠకునికి అదే పునరుక్తి భయానికి సహజ లక్షణంగా తోస్తుంది. కాబట్టి చీలిక పాఠకుల అర్హతాభేదం వల్ల వచ్చింది కాదు. కథనస్వరంలోనే అది ఉంది.

విసుగు చెందిన పాఠకుని మాటలోనూ న్యాయముంది. ఆత్మనింద కొత్త అర్థం చేర్చకుండానే తిరిగివచ్చే సందర్భాలు నవలలో లేకపోలేదు. అయినా ఆ భయం కేవలం మానసిక దౌర్బల్యం కాదు. డబ్బు, పదవి, బంధుత్వం గలవారి ముందు కిందితరగతి ఉద్యోగి నిలబడే తీరు అది. సారా కథల్లో పేదలపై విరుచుకుపడే అధికారమే ఇక్కడ గుమాస్తా మనసులో కాపురముంది.

ముగింపు

‘అల్పజీవి’ని చైతన్య స్రవంతికి ఉదాహరణగా రెండు మార్కుల ప్రశ్నకు కుదించినంతకాలం ఈ రెండు స్పందనలూ మన పరిశోధనకు వెలుపలే ఉండిపోతాయి. అర్థం కాలేదన్న విద్యార్థిని ‘ఏ పేజీ దగ్గర ఆగిపోయావు?’ అని అడగడంతో విమర్శ మొదలుకావాలి.