తవుడు పులిస్తే పెరిగేదేమిటి?

భీమవరం చుట్టుపక్కల చాలామంది వనామీ రొయ్యల రైతులు తవుడు, బెల్లం, ఈస్ట్ నీళ్లలో కలిపి, డ్రమ్ములో పులియబెట్టి, ఆ రసాన్ని చెరువులో చల్లుతారు. మంచి పనే. అలా పులిస్తే తవుడులో ప్రొటీన్ పెరుగుతుందన్న మాటనే కొంచెం తరచి చూడాలి. ప్రొటీన్‌కు నత్రజని కావాలి, గాలిలో ఉన్న నత్రజనిని ఈస్ట్ పట్టుకోలేదు. వంద కిలోల తవుడులో 13 కిలోల ప్రొటీన్ ఉందనుకుందాం. పులిసేటప్పుడు 15 కిలోల పిండిపదార్థం కార్బన్ డయాక్సైడుగా, ఆల్కహాలుగా ఎగిరిపోతే, మిగిలిన 85 కిలోల్లో అదే 13 కిలోలు 15 శాతం దాటి కనిపిస్తాయి. పెరిగింది శాతం, తరిగింది తవుడు.

యూరియా వేస్తే నత్రజని అందదా అంటారు. అందుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దిగుమతులు ఆగిన జర్మనీ, మొలాసిస్‌లో అమ్మోనియం లవణాలు కలిపి పశువుల దాణాకు ఈస్ట్ పెంచింది కూడా. కానీ ఈస్ట్ ఒళ్లు పెంచుకోవాలంటే గాలి ఊదాలి. మూత బిగించిన డ్రమ్ములో అది పెరిగేది తక్కువ, సారా కాచేది ఎక్కువ. అప్పుడు మిగిలిపోయిన యూరియాను ల్యాబ్ ప్రొటీన్ కిందే రాస్తుంది. 1883లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్త కెల్డాల్ కనిపెట్టిన పద్ధతి నత్రజనిని కొలుస్తుంది, దాన్ని 6.25తో గుణించి ప్రొటీన్ అంటాం. ఆ లెక్కన కిలో యూరియా, కాగితం మీద, 2.87 కిలోల ప్రొటీన్! రొయ్యకు అందులో ఒక్క గ్రాము కూడా పనికిరాదు.

మరి ఈ శ్రమంతా దండగేనా? కాదు, లాభం వేరేచోట ఉంది. తవుడులో భాస్వరం దండిగా ఉన్నా, ఎక్కువ భాగం ఫైటిక్ ఆమ్లంలో బందీ. జింకు, ఇనుము కూడా దానికే అతుక్కుంటాయి. రొయ్య దాన్ని అరిగించుకోలేదు, తిన్నది తిన్నట్టే చెరువు అడుగుకు చేరుతుంది. పులుపెక్కిన కొద్దీ ఈస్ట్ ఎంజైములూ, తవుడులో సహజంగా ఉన్నవీ పనిలోకి దిగి ఆ ముడి కొంతైనా విప్పుతాయి. నూనె తీసిన తవుడు (డీఓబీ) చౌక కదా అంటే, అది ఆవిరి వేడి తిన్న సరుకు, సొంత ఎంజైములు చాలావరకు చచ్చి ఉంటాయి. పచ్చి తవుడు మేలు, అదీ మర నుంచి వచ్చిన వెంటనే. ఆలస్యమైతే నూనె కనరెక్కుతుంది. బూజు పట్టిన తవుడును పులియబెట్టి బాగుచేయొచ్చనే వాళ్లున్నారు. అఫ్లటాక్సిన్ అంత తేలిగ్గా పోయే విషం కాదు, ఆ బస్తాను పారేయడమే.