నమూనా సభల్లో తటస్థుల లెక్క

విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కో దేశం తరఫున వాదిస్తూ ఐక్యరాజ్యసమితి సమావేశాలను అనుకరించే మోడల్ యూఎన్ సభలలో వాగ్ధాటికి దక్కే మన్నన నియమావళికి దక్కదు. ఏ ప్రతిపాదన ముందుగా ఓటుకు రావాలి, దానికి ఎంత మెజారిటీ కావాలి, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి అన్న ప్రశ్నలు పొడిగా కనిపించినా, దేశాల స్థానాలే వాటిపై ఆధారపడిన సందర్భాలు ఉన్నాయి.

1971 అక్టోబరు 25న సర్వప్రతినిధి సభలో చైనా స్థానంపై ఓటింగ్ జరిగినప్పుడు, తైవాన్ ప్రభుత్వ ప్రతినిధులను తొలగించడాన్ని ‘ముఖ్య విషయం’గా, అంటే మూడింట రెండు వంతుల మెజారిటీ అవసరమైన అంశంగా పరిగణించాలని అమెరికా పక్షం కోరగా, ఆ ప్రతిపాదన 55–59 ఓట్లతో వీగిపోయింది. ఆ తరువాత బీజింగ్ ప్రభుత్వానికి స్థానం కల్పించిన 2758వ తీర్మానం 76–35 ఓట్లతో నెగ్గింది. 17 దేశాలు తటస్థంగా ఉన్నాయి. సభ నియమావళిలోని 86వ నియమం ప్రకారం తటస్థంగా ఉన్నవారు ఓటు వేయనివారి కిందే లెక్క కనుక, ముఖ్య విషయంగా పరిగణించి ఉన్నా 111లో 74 ఓట్లు చాలేవి, తీర్మానం నెగ్గేది. తటస్థులను కూడా కలిపి లెక్కించే నియమమే ఉంటే 128లో 86 కావలసి వచ్చేవి, అప్పుడు 76 చాలేవి కావు.

ఇంత బరువున్న తటస్థతను అనేక విద్యార్థి సభలు హాజరు వేళలోనే కట్టడి చేస్తున్నాయి: ‘ప్రెజెంట్ అండ్ వోటింగ్’ అని పలికిన ప్రతినిధి తీర్మానంపై తటస్థంగా ఉండే హక్కును కోల్పోతాడు. సమితిలో ఇటువంటి ముందస్తు కట్టుబాటు లేదు. ముసాయిదా ఆఖరి నిమిషం వరకు మారుతుంది, రాజధాని నుంచి వచ్చే ఆదేశమూ మారవచ్చు. 2022 మార్చి 2న ఉక్రెయిన్‌పై తీర్మానాన్ని 141 దేశాలు సమర్థించగా, భారత్ సహా 35 దేశాలు తటస్థంగా నిలిచాయి. భారత్ తన వైఖరికి కారణాలను సభకు వివరించింది. ఓటుకు ముందో తరువాతో ఇచ్చే ఈ సంజాయిషీని ‘ఓటు వివరణ’ అంటారు. దౌత్యశిక్షణలో ఇంతకు మించిన అభ్యాసం అరుదు. ఎందుకంటే ఇక్కడ ప్రతినిధి ఎదుటి పక్షాన్ని ఖండించడంతో సరిపెట్టుకోలేడు, తన దేశం ఎందుకు ఏ పక్షమూ వహించలేదో హేతుబద్ధంగా చెప్పవలసి ఉంటుంది.

హైదరాబాదులోనైనా మరెక్కడైనా ఈ సభలు నిర్వహించేవారు హాజరు నాటి ఆ కట్టుబాటును తొలగించి, ప్రతి తీర్మానం తరువాత ఓటు వివరణకు కొంత సమయం కేటాయించాలి.