విమానపు బొమ్మ – దాని క్రింది పేరు

నల్లగొండ, మహబూబునగరు సీమలలో ఆకాశమున విమానము కనబడుట ఇప్పుడు వింత కాదు. 2008 మార్చిలో హైదరాబాదు ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి శంషాబాదునకు మారినవి. శంషాబాదు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నవి. అచటికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరమున గల చౌటుప్పలు దాదాపు అదే అక్షాంశముపై ఉన్నది. పటముపై శంషాబాదునుండి విజయవాడకు సరళరేఖ గీచినచో అది నల్లగొండ పట్టణమునకు చాల దగ్గరగా పోవును. బెంగుళూరునకు గీచినచో నాగర్‌కర్నూలు ప్రక్కగా పోవును. వాయుమార్గములు సరిగా ఈ రేఖల వెంబడినే ఉండవు. అయినను ఈ సీమలవారికి తల యెత్తినంతనే విమానము ఏల కనబడునో దీనివలన తెలియును.

కనబడిన విమానమును ఫోనుతో బొమ్మ తీయుట, దాని క్రింద ఒక పేరు వ్రాసి పదిమందికి పంపుట నేడు సాధారణమైనది. పత్రికలును విమానపు బొమ్మ క్రింద మోడలు పేరు వేయుచున్నవి. బొమ్మ నిజమైనదే కావచ్చును. కాని ఆ పేరు బొమ్మలో ఉన్నదా, వ్రాసినవారి ఊహలో ఉన్నదా? ఈ ప్రశ్న అడుగువారు అరుదు. బొమ్మ సాక్ష్యము, పేరు తీర్పు. సాక్ష్యము ఎంతవరకు పోవునో తీర్పును అంతవరకే పోవలెను.

పేరు తప్పినంత మాత్రమున వచ్చు నష్టమేమి అని కొందరు అడుగవచ్చును. 2018 అక్టోబరులో ఇండోనేషియాలోను, 2019 మార్చిలో ఇథియోపియాలోను రెండు బోయింగ్ 737 మాక్స్ విమానములు కూలి 346 మంది మరణించిరి. ఆ మోడలు విమానములు భారతదేశములో 2019 మార్చిలో నిలిపివేయబడి, 2021 ఆగస్టులో మరల అనుమతి పొందినవి. ఆ మోడలు అసలు పేరు 737-8. ‘మాక్స్’ అనునది వ్యాపారపు పేరు. దానికి ముందు తరమునకు చెందిన వేరొక విమానము 737-800. రెండు సున్నలు జారిపోయినచో ఒక తరము విమానము మరొక తరము విమానమగును. 2020 ఆగస్టు 7న కోళికోడులో రన్‌వే దాటి పడిపోయి 21 మంది మరణమునకు కారణమైన విమానము 737-800. మాక్స్ విమానములను కూల్చిన దోషమునకును ఈ ప్రమాదమునకును సంబంధము లేదు. అట్టి బొమ్మ క్రింద ‘737-8’ అని వ్రాసినచో చదివినవారు ఏమనుకొందురు? నిషేధములో ఉన్న విమానమును రహస్యముగా నడిపిరని అనుకొందురు. తమవారిని విమానమెక్కించి పంపినవారి గుండెలో ఆ రెండు సున్నల విలువ తక్కువది కాదు.

ఇట్టి పేర్లలో కనబడు దోషములు ముఖ్యముగా మూడు. మొదటిది, రంగును చూచి పేరు చెప్పుట. విమానముపై పూసిన రంగు దానిని నడుపు సంస్థను తెలుపును, మోడలును తెలుపదు. ఎయిర్ ఇండియా తన ఒకే రంగులలో చిన్న ఎ-320ను, పెద్ద ఎ-350ను, బోయింగ్ 787ను, 777ను ఎగురవేయుచున్నది. రంగు ఒక్కొక్కసారి సంస్థను కూడ సరిగా తెలుపదు. విస్తారా సంస్థ 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయినది. దాని విమానములన్నియు ఆ రాత్రికి రాత్రి రంగు మార్చుకొనలేదు. చొక్కాను చూచి మనిషి పేరు చెప్పుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

రెండవది, పరిమాణమును చూచి పేరు చెప్పుట. పెద్ద విమానము ఏది కనబడినను ‘జంబో జెట్’ అని వ్రాయు అలవాటు తెలుగులో బాగుగా నాటుకొన్నది. జంబో అనునది బోయింగ్ 747నకు వచ్చిన పేరు. నాలుగు ఇంజన్లు, ముందు భాగమున మూపురమువలె లేచిన పై అంతస్తు దాని గుర్తులు. 2024 జనవరిలో బేగంపేటలో జరిగిన ‘వింగ్స్ ఇండియా’ ప్రదర్శనకు బోయింగ్ 777-9, ఎయిర్ ఇండియా వారి కొత్త ఎయిర్‌బస్ ఎ-350 వచ్చినవి. 777-9 పొడవు 76.7 మీటర్లు, జంబోలలో కడపటిదైన 747-8 కంటెను కొంచెము ఎక్కువ. అయినను దానికి రెండే ఇంజన్లు, మూపురము లేదు, అది జంబో కాదు.

ఈ రెండు విమానములను రెక్కల కొలతతో వేరు చేయవచ్చునా? ఎగురునపుడు 777-9 రెక్కల వెడల్పు ఈ కొననుండి ఆ కొనకు దాదాపు 71.8 మీటర్లు. నేలపై నిలిచినపుడు దాని రెక్కకొనలు పైకి మడుచుకొని వెడల్పు 64.8 మీటర్లకు తగ్గును. ఎ-350 రెక్కల వెడల్పును సుమారు అంతియే! నేలపై తీసిన బొమ్మలో రెక్కల వెడల్పు ఏమియు చెప్పదు. నిటారుగా లేచిన రెక్కకొన చెప్పును. ఎ-350నకు పైలట్ల అద్దముల చుట్టును కాటుక దిద్దినట్లు నల్లని పట్టీ ఉండును. పరిమాణము మాట పలికినచోట ఆకారము సాక్ష్యము పలుకవలెను.

మూడవ దోషము మొదటి రెండింటికంటె సూక్ష్మమైనది. ఇది తెలిసినవారు చేయు తప్పు. ఒక్క గుర్తును నేర్చుకొని, దానినే పట్టుకొని తీర్పు చెప్పుదురు. ‘రెక్కకొన పైకి వంగి చేప రెక్కవలె ఉన్నచో అది ఎ-320 నియో’ అను సూత్రము విమానప్రియులలో బాగుగా వ్యాపించినది. షార్క్‌లెట్ అను ఆ రెక్కకొన నియోలకు ఉన్నమాట నిజమే. కాని 2012 చివరినుండి పాత ఇంజన్ల ఎ-320లు కూడ వానితోనే తయారై వచ్చినవి. కాబట్టి ఆ గుర్తు ఉన్నంతమాత్రమున నియో అని తేలదు. తేల్చవలసినది ఇంజను. పాత ఎ-320 ఇంజను పంకా అడ్డుకొలత రకమునుబట్టి సుమారు 161 లేక 173 సెంటీమీటర్లు. నియోలో అది 198 లేక 206 సెంటీమీటర్లు. విమానదేహపు వెడల్పు 395 సెంటీమీటర్లు. అనగా నియో పంకా దేహపు వెడల్పులో సగముండును. పాతది అంతకు తగ్గును. ఈ తేడా మంచి బొమ్మలో కంటికి ఆనును.

పుస్తకములోని గుర్తు అన్ని కాలములకు చెల్లదనుటకు మన దేశములోనే చక్కని ఉదాహరణము కలదు. ఎ-320 ప్రధాన చక్రములు ప్రక్కకు రెండేసి చొప్పున ఉండునని పుస్తకములు చెప్పును. కాని ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1989నుండి తెప్పించిన తొలి ఎ-320లకు, ఇచటి రన్‌వేల బలమును దృష్టియందుంచుకొని, ప్రక్కకు నాలుగేసి చక్రములు పెట్టించిరి. ఆనాటి బొమ్మను చూచి, చక్రములు లెక్కించి, ఇది ఎ-320 కాదని తేల్చువాడు పుస్తకమును చదివినవాడే, అయినను పొరపడినట్లే.

అయినచో క్రిందనుండి చూచువారికి నమ్మదగిన మార్గమేది? విమానము సరిగా తలమీద ఉన్నపుడు తీసిన బొమ్మలో పొడవును రెక్కల వెడల్పుతో భాగించవలెను. కొలబద్ద చాలును, మీటర్లు తెలియనక్కరలేదు. షార్క్‌లెట్లు గల ఎ-319నకు ఈ నిష్పత్తి సుమారు 0.95, ఎ-320నకు 1.05, ఎ-321నకు 1.24. బోయింగ్ 737-800నకు 1.10. కాని షార్క్‌లెట్లు లేని పాత ఎ-320 రెక్కల వెడల్పు 34.1 మీటర్లే. దాని నిష్పత్తియు 1.10 అగును! కాబట్టి ఈ కొలత ఎ-321ను విడదీయగలదు గాని, ఎ-320ను 737నుండి తనంతట తాను విడదీయలేదు.

అక్కడ రెండవ సాక్షిని పిలువవలెను. 737 ప్రధాన చక్రములు ముడుచుకొన్న పిమ్మట వానిని పూర్తిగా మూయు తలుపులు లేవు. రెక్కల మొదట, దేహపు అడుగున, రెండు నల్లని గుండ్రని బిళ్లలవలె చక్రములు కనబడును. ఎ-320 చక్రములు తలుపుల వెనుక దాగును. దిగుటకై చక్రములు దించిన విమానమున ఈ పరీక్ష పనికిరాదు. ఎగసిపోవు విమానమున బాగుగా పనికివచ్చును. ఇక 737 అని తేలిన పిమ్మట పాతదా, మాక్సా అను ప్రశ్నకు రెక్కకొన ఒక్కటే చాలదు. కొన్ని 737-800లకును తరువాతి కాలమున రెండుగా చీలిన రెక్కకొనలు అమర్చిరి. ఇంజను తొడుగు వెనుక అంచును చూడవలెను. మాక్సునకు ఆ అంచు రంపపు పళ్లవలె ఉండును. 737-800నకు నునుపుగా ఉండును. ఇట్లు ఒక్కొక్క సాక్షి ఒక్కొక్క అనుమానమును తీర్చుచు పోయినచో తీర్పు గట్టిపడును.

ఈ మార్గమునకును హద్దులు కలవు. మొదటి హద్దు కోణము. విమానము తలమీద గాక ముందుకో వెనుకకో 30 డిగ్రీల వాలుగా కనబడినచో, రెక్కల వెడల్పు మారదు గాని పొడవు బొమ్మలో 13 శాతము కుంచించును. ఎ-321 నిష్పత్తి 1.24నుండి 1.08నకు పడిపోవును. అనగా పొడుగు విమానము పొట్టి విమానపు వేషము వేయును. రెండవ హద్దు దూరము. పదిన్నర కిలోమీటర్ల ఎత్తున పోవు ఎ-320 కంటికి డిగ్రీలో అయిదవ వంతు మాత్రమే కనబడును. నిండుచంద్రుని వెడల్పులో సగము కూడ లేదు. అడ్డముగా సుమారు 68 డిగ్రీలు చూచు ఫోను కెమెరా ఆ దృశ్యమును 4000 చుక్కలుగా విడదీసినచో, విమానమునకు వచ్చునవి 12 చుక్కలు. పన్నెండు చుక్కలనుండి రంపపు పళ్లను ఎవరు చూడగలరు? ఆ ఎత్తున ఆవిరి చారలను లెక్కించి రెండు ఇంజన్లా, నాలుగా అని చెప్పవచ్చును. అంతకు మించి చెప్పినది జోస్యము.

మూడవ హద్దు బొమ్మలో అసలే లేని విషయము. 2018 మార్చిలో భారత విమానయాన అధికారులు 11 ఎ-320 నియో విమానములను నిలిపివేసిరి. కారణము వాని ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లలో ఒక శ్రేణి వరుస సంఖ్యలకు చెందినవి. ఆనాడు ప్రయాణికునికి కావలసినది ఆ సంఖ్య. అది ఏ బొమ్మలోను కనబడదు. మోడలు పేరు సరిగా చెప్పినంతమాత్రమున విమానపు క్షేమము చెప్పినట్లు కాదు.

ఇప్పుడు ఫోనులోని యంత్రములు ఈ పనిని సులభము చేసినవని వాదించువారు కలరు. విమానమునుండి వచ్చు రేడియో సంకేతములనుబట్టి దాని పేరు చూపు యాప్‌లు నిజముగా ఉపయోగకరములు. కాని అవి జవాబు చెప్పునది వేరొక ప్రశ్నకు. ‘ఈ క్షణమున ఈ చోట ఏ విమానమున్నది’ అని అవి చెప్పును. చేతిలోని బొమ్మ ఎప్పటిదో, ఎక్కడిదో తెలియనపుడు వాని సాయము చెల్లదు. బొమ్మను చూచి పేరు చెప్పు కృత్రిమ మేధ యంత్రములున్నవి. పన్నెండు చుక్కలిచ్చినను అవి ఒక పేరు చెప్పగలవు. కారణము అడిగి, ఆ కారణము బొమ్మలో ఉన్నదో లేదో చూచుట మనిషి పని.

విమానదేహముపై వ్రాసిన రిజిస్ట్రేషను అక్షరములు చదువగలిగినచో తగవే లేదు. భారతదేశపు విమానములకు అవి ‘వి.టి.’తో మొదలగును, ఆ అక్షరములు ఒక్క విమానమునకే చెందును, దానినిబట్టి మోడలును నమోదునుండి తీయవచ్చును. అవి కనబడనపుడు పేరును మెట్లు మెట్లుగా చెప్పుట మేలు. ‘రెండు ఇంజన్ల ప్రయాణికుల జెట్’ అనునది మొదటి మెట్టు. ‘ఎ-320 కుటుంబము’ అనునది రెండవది. ‘ఎ-320 నియో’ అనునది మూడవది. ఏ మెట్టుపై సాక్ష్యము ఆగునో పేరును అక్కడనే ఆపవలెను.

చౌటుప్పలులోనో జడ్చర్లలోనో ఒక పాఠశాల విద్యార్థి తాను తీసిన బొమ్మ క్రింద ‘ఎ-320 కుటుంబము, చక్రములు కనబడలేదు, ఇంజను స్పష్టముగా లేదు’ అని వ్రాసినచో, అది ఒక పెద్ద పత్రిక తొందరపడి వేసిన పూర్తి పేరుకంటె విలువైనది. అందులో చూచినదెంతో, చూడనిదెంతో రెండును వ్రాయబడి ఉన్నవి. చదివినవాడు దానిని పరీక్షించవచ్చును, సరిదిద్దవచ్చును. పరీక్షకు నిలువని పేరు ఎంత ఘనముగా ధ్వనించినను బొమ్మకు అలంకారమే గాని వివరణ కాదు.