డ్రైవ్ పోయిందనే ముందు

"డీవీడీ డ్రైవ్ పోయిందండీ, కొత్తది వేసేయండి" అంటూ ఎవరైనా సీపీయూ తెచ్చి బల్ల మీద పెట్టగానే నేనడిగే మాట ఒక్కటే: బటన్ నొక్కితే ట్రే బయటికి వస్తోందా? చాలామందికి ఈ ప్రశ్న విసుగు. మై కంప్యూటర్‌లో గుర్తే కనబడటం లేదంటుంటే ట్రే సంగతి ఎందుకు అంటారు. నాకు మాత్రం సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ట్రే వచ్చిందంటే డ్రైవ్‌కి కరెంటు అందుతున్నట్టే. ఇక వెతకాల్సింది డేటా కేబుల్‌లోనో విండోస్‌లోనో. ట్రే రాకపోతే, ముందున్న చిన్న లైటు కూడా వెలగకపోతే, పవర్ కేబుల్ సంగతి చూడాలి. లైటు వెలుగుతూ లోపల మోటారు మూలుగుతూ ట్రే మాత్రం కదలకపోతే అది లోపలి రబ్బరు బెల్టు సాగిపోయిన కేసు. అప్పుడు ట్రే కింద ఉన్న చిన్న రంధ్రంలో పేపర్ క్లిప్పు తిన్నగా చేసి నెమ్మదిగా పొడిస్తే ట్రే కాస్త బయటికి వస్తుంది, మిగతాది చేత్తో లాగొచ్చు. మెషీన్ ఆఫ్ చేశాకే సుమా.

ఈ కాలంలో డిస్క్ డ్రైవ్ గురించి కాలమ్ ఏమిటని నవ్వుకునేవాళ్లుంటారు. నిజమే, కొత్త ల్యాప్‌టాప్‌లలో దానికి చోటే లేదు. అయినా నా బల్ల మీదికి ఇంకా వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతి డ్రైవ్ వెనకా ఒక పెళ్లి డీవీడీయో, ఆసుపత్రిలో చేతికిచ్చిన ఎమ్మారై సీడీయో, పిల్లాడి పుట్టినరోజు ఫొటోలో ఉంటాయి. ఎవరికీ డ్రైవ్ మీద మోజు లేదు, అందులోంచి రావాల్సినదాని మీదే బెంగ.

ట్రే తర్వాత రెండో ప్రశ్న: డ్రైవ్ ఎవరికి కనబడటం లేదు, మెషీన్‌కా, విండోస్‌కా? ఇది తేల్చకుండా డ్రైవర్ల మీద పడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయాస్‌లోకి వెళ్లాలి. అక్కడి సాటా పోర్టుల జాబితాలో డ్రైవ్ పేరు కనబడిందంటే వైరు, కరెంటు, బోర్డు అన్నీ సక్రమం, తప్పు విండోస్‌ది. అక్కడ కూడా లేకపోతే విండోస్‌ని ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించినా దండగే. రెండు నిమిషాల పని ఇది. దీన్ని దాటేసి మెషీన్‌ని ఫార్మాట్ కొట్టించుకుని, డేటా పోగొట్టుకుని, చివరికి వదులైన కేబుల్‌తో నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

బయాస్‌కి కనబడకపోతే మూత తీయాల్సిందే. సాటా డేటా కేబుల్ వేలి వెడల్పు కూడా ఉండదు, లోపల ఏడే పిన్నులు. మొదట్లో వచ్చిన కేబుళ్లకు పట్టుకునే క్లిప్పు ఉండేది కాదు. సీపీయూని ఆటోలో వేసుకుని ఇల్లు మార్చినా చాలు, జారిపోయేవి. రెండు కొసలూ పీకి మళ్లీ గట్టిగా గుచ్చాలి, బోర్డు మీద ఇంకో పోర్టులో పెట్టి చూడాలి, అప్పటికీ కాకపోతే కేబులే మార్చాలి. ల్యాప్‌టాప్ అయితే ఇంకా తేలిక. చాలా మోడళ్లలో డ్రైవ్‌ని పట్టి ఉంచేది అడుగున ఒకే ఒక్క స్క్రూ. అది విప్పి డ్రైవ్ బయటికి లాగి మళ్లీ చివరిదాకా నెడితే పని అయిపోతుంది.

నేను ఈ పని నేర్చుకున్న రోజుల్లో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఐడీఈ కేబుళ్లు కట్టలు కట్టలుగా వేలాడుతుండేవి. నలభై పిన్నుల వెడల్పాటి పట్టీ, దాని మీద ఒకే లైనులో రెండు డ్రైవ్‌లు. ఒకటి మాస్టర్, ఇంకొకటి స్లేవ్ అని వెనక బుల్లి జంపర్ పెట్టి చెప్పాలి. రెండింటికీ మాస్టర్ అని పెడితే ఒక్కోసారి హార్డ్ డిస్క్ కూడా కనబడకుండా పోయేది. సాటా వచ్చాక ఒక్కో డ్రైవ్‌కి ఒక్కో కేబుల్, జంపర్ల గోల వదిలింది. అయినా మూత తీసేముందు రోగమేదో ఊహించుకునే అలవాటు నాకు ఆ జంపర్లే నేర్పాయి.

ఇక అసలు ఆసక్తికరమైన కేసు, బయాస్‌కి కనబడి విండోస్‌కి కనబడనిది. మా వీధి చివర డీటీపీ సెంటర్ నడిపే అక్క దగ్గర ఇంకా ఎక్స్‌పీ మెషీనే ఉంది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఏళ్లుగా చేసిన పెళ్లి పత్రికల డిజైన్లన్నీ సీడీల్లో. ఒకరోజు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, సీడీ డ్రైవ్ మాయమైంది. నిన్నటిదాకా బాగానే ఉంది. నేనేం చేయలేదు."

"చోటు సరిపోవట్లేదని ఏమైనా తీసేశావా అక్కా?"

"సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటుంటే తీసేశాను. వాడట్లేదు కదా."

మిగతాది చూడకముందే తెలిసిపోయింది. విండోస్‌కీ డ్రైవ్‌కీ మధ్య ఫిల్టర్ డ్రైవర్లని కొన్ని కూర్చుంటాయి. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు తన ఫైలు పేరు రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రెండు చోట్ల రాసుకుంటుంది. తీసేసేటప్పుడు ఫైలు పోతుంది, పేరు మాత్రం అక్కడే ఉండిపోతుంది. రీస్టార్ట్ చేశాక విండోస్ ఆ పేరు చదివి, ఆ ఫైలు కోసం వెతికి, దొరక్క డ్రైవ్‌ని అసలు మొదలుపెట్టనే పెట్టదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, దాని మీద నొక్కితే కోడ్ 19 అనో కోడ్ 39 అనో సందేశం. డ్రైవ్‌లో వీసమెత్తు లోపం లేదు.

వైద్యం చిన్నదే, చేతులు మాత్రం జాగ్రత్త. రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ వరకూ దిగితే పొడుగాటి సంఖ్యల పేర్లు బారులు తీరి ఉంటాయి. అందులో 4డి36ఇ965తో మొదలయ్యేది సీడీ, డీవీడీ డ్రైవ్‌లది. ముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, ఆ తర్వాతే ఆ రెండు ఫిల్టర్ ఎంట్రీలనూ తీసేసి రీస్టార్ట్ చేయాలి. ఇక్కడే కొంపలు ముంచుకునేవాళ్లున్నారు. చివరి అంకె దగ్గర పొరబడి 96బి ఉన్నదాంట్లో అప్పర్‌ఫిల్టర్స్ తీసేశారంటే కీబోర్డు పడుకుంటుంది, 96ఎఫ్‌లో తీసేస్తే మౌస్. అప్పుడు పాస్‌వర్డ్ కొట్టడానికి కూడా దారుండదు. అక్క మెషీన్‌లో తీసేసి రీస్టార్ట్ చేయగానే డ్రైవ్ తిరిగొచ్చింది. "ఇంతేనా?" అంది కొంచెం నిరాశగా. డబ్బు ఖర్చు కాని రిపేరుని జనం ఎందుకో నమ్మరు.

అంతకన్నా తేలికైనవీ ఉంటాయి. డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ కొట్టి రీస్టార్ట్ చేస్తే విండోస్ తనే మళ్లీ గుర్తుపట్టడం, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ అక్షరం మార్చగానే ప్రత్యక్షమవడం. యూఎస్‌బీ డ్రైవ్ అయితే కరెంటు చాలకపోవడమే ఎక్కువ. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో కొన్ని డ్రైవ్‌లకు అంతకు మించి కావాలి. డెస్క్‌టాప్ ముందువైపు పోర్టు వదిలి వెనకవైపు గుచ్చి చూడండి. మధ్యలో హబ్ పెట్టకండి.

డ్రైవ్ కనబడుతూ డిస్క్ చదవకపోవడం మాత్రం వేరే రోగం. సీడీకి 780 నానోమీటర్ల పరారుణ లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రది. ఒకే కటకం వెనక రెండూ ఉంటాయి. అందుకే సీడీ చక్కగా పాడే డ్రైవ్ డీవీడీ పెడితే మొండికేయవచ్చు. ఒక లేజర్ నీరసించింది, ఇంకోటి బతికే ఉంది. కటకం మీద దుమ్ము పడినా ఇదే లక్షణం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో సుతారంగా తుడవాలి. ఆ కటకం సన్నని తీగల మీద తేలుతూ ఉంటుంది, వేలితో నొక్కితే దాని కథ ముగిసినట్టే. ఇంకో మాట, విండోస్ 8 నుంచీ డీవీడీ సినిమాలు ఆడించే సదుపాయం విండోస్‌లో మామూలుగా రావడం లేదు. వీఎల్‌సీ ఎక్కించి చూడకుండా డ్రైవ్‌ని తిట్టకండి.

కొన్నిసార్లు నిజంగానే డ్రైవ్ చచ్చిపోయి ఉంటుంది. దాన్ని బాగుచేస్తానని నేను పంతం పట్టను. యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి కొనుక్కోమంటాను. నా భయం డ్రైవ్ గురించి కాదు, డిస్క్ గురించి. ఫొటోస్టూడియోలు ఇచ్చిన పెళ్లి డీవీడీలు ఎక్కువగా రాసిన డిస్కులే. వాటిలో సమాచారమంతా ఒక సేంద్రియ రంగు పొర మీద ఉంటుంది. ఎండకీ వేడికీ ఆ రంగు మెల్లగా చెడుతుంది. కొన్నింటి మీద వధూవరుల ఫొటో కాగితం అంటించి ఇచ్చారు. ఆ కాగితం ఒక పక్క లేచిందంటే డిస్క్ తిరిగేటప్పుడు ఊగుతుంది, డ్రైవ్ తడబడుతుంది.

కాబట్టి బీరువాలో డిస్కులున్నవాళ్లకి నా మనవి. డ్రైవ్ పనిచేస్తున్న ఈ వారంలోనే వాటిని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, ఇంకో కాపీ తోడబుట్టినవాళ్ల ఇంట్లో పెట్టండి. అద్దె డ్రైవ్ తెచ్చుకుంటారో, పక్కింటివాళ్లది అడుగుతారో మీ ఇష్టం.