బెజ్జానికి తగ్గ స్క్రూ
యూరోపియన్ పద్ధతిలో కబోర్డులు చేసే వడ్రంగి పనితనం తలుపు మెరుపులో కన్నా లోపలి స్క్రూలోనే ఎక్కువ తెలుస్తుంది. ఆ పద్ధతిలో పక్క పలక ముందు అంచుకు 37 మిల్లీమీటర్ల లోపల, 32 మిల్లీమీటర్ల ఎడంతో, 5 మిల్లీమీటర్ల బెజ్జాలు వరుసగా ఉంటాయి. తలుపు హింజ్ ప్లేటును బిగించడానికి వాటిలోకి దిగాల్సింది 6.3 మిల్లీమీటర్ల లావున్న, మొద్దు మొన యూరో స్క్రూ. దాని వెడల్పాటి మరలు చెక్క తునకలు అతికించి చేసిన పార్టికల్ బోర్డును గట్టిగా పట్టుకుంటాయి, 3.5 మిల్లీమీటర్ల మామూలు స్క్రూ అదే బెజ్జంలో వదులుగా ఆడుతుంది.

మామూలు స్క్రూలతో ఏళ్ల తరబడి నిలిచిన తలుపులు లేవా అనవచ్చు. నిజమే, సన్నని బెజ్జం వేసి టేకులోనో ప్లైవుడ్‌లోనో బిగిస్తే నిలుస్తాయి. అక్కడా స్క్రూ తల కొలత తప్పకూడదు. ఎత్తు తల ప్లేటు గుంటలో కూర్చోకపోతే హింజ్ చేతికి అడ్డుపడుతుంది. అప్పుడు తలుపులో హింజ్ కప్పు కోసం 35 మిల్లీమీటర్ల గుంట ఎంత చక్కగా తవ్వినా తలుపు సరిగా పడదు. కొనేముందే ప్లేటులో స్క్రూ పెట్టి, తల మునిగిందో లేదో వేలితో తడిమి చూసే వడ్రంగి అంటే నాకెంతో గౌరవం.