ముట్టుకోవద్దన్న జుట్టు

జడలు కట్టిన తల మా సూర్యాపేట వైపు వింతేం కాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టుకు పోయినా, కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయినా కనబడుతుంది. పసుపు పట్టి, గట్టిపడి, నడుము దాకా వేలాడే జడలు. ఎదురొచ్చినవాళ్లు దండం పెట్టి పక్కకు జరుగుతారు. ఇప్పుడు కొత్తగా వచ్చింది ఏమిటంటే, డబ్బులిచ్చి, పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా కదలకుండా జడలు కట్టించుకునే కుర్రాళ్లు. డ్రెడ్‌లాక్స్ అంటున్నారు. కోదాడలో ఉండే మా మేనల్లుడు పెట్టించుకున్నాడు. వాడు ఆ తలను చూసుకునే తీరు గమనించాక, మా మేనత్త తలను మేమంతా ఎన్నేళ్లు ఎట్లా వదిలేశామో తెలిసొచ్చింది.

వాడు హైదరాబాద్‌లో చేయించుకున్నాడు. తోడు రమ్మంటే వెళ్లాను. తలంటుకుని రావాలి, నూనె చుక్క తగలకూడదు, కండిషనర్ వాడకూడదు. నున్నగా జారే వెంట్రుక చిక్కుపడదు కదా. చేసే అమ్మాయి దువ్వెన తోకతో నెత్తినంతా అంగుళం గళ్లుగా విడదీసి, ఒక్కో పాయకు రబ్బరు బ్యాండు వేసింది. కింది వరుసలోని పాయ పై వరుస రెండు పాయల సందుకు వచ్చేలా చూసుకుంది. అట్లా అయితే నెత్తిమీద పాపిడి గీతలు బయటపడవు. తర్వాత ఒక్కో పాయను కొస దగ్గర బిగించి పట్టుకుని, సన్నపళ్ల దువ్వెనతో కుదురు వైపు వెనక్కి దువ్వడం. మన అమ్మలు చిక్కు తీయడానికి చేసే పనికి ఇది పూర్తిగా తలకిందులు. పాయ ముద్దకట్టాక క్రోషే సూది తీసింది. దాని కొక్కెం కంటికి ఆనదు, అంత సన్నం. పాయను వేళ్ల మధ్య నొక్కిపట్టి, సూదిని లోపలికి గుచ్చి, బయటికి లేచిన వెంట్రుకలను అందుకుని లోపలికి లాగుతుంది. మళ్లీ గుచ్చడం, మళ్లీ లాగడం. తలకు 40 నుంచి 60 పాయలు పడతాయి. రింగుల జుట్టయితే తనంతట తానే చుట్టుకుంటుంది. మనలాంటి సాఫు జుట్టును వెంట్రుక వెంట్రుకా బతిమాలాలి. అందుకే ఒక్కరే చేస్తే ఎనిమిది గంటలు దాటడం మామూలు.

వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. తడిసి, రాపిడి తగిలితే గొంగడి ఉన్ని ఎట్లా ఒకదాన్నొకటి పట్టుకుంటుందో ఇవీ అంతే. పైగా మన తల నుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతుంటాయి. జడలో రాలినవి బయటికి పోవు, అందులోనే ఉండిపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ జడ బరువెక్కడానికి అదొక కారణం.

కట్టించుకుని ఇంటికి రాగానే మా చెల్లెలితో పేచీ. "తలకు నూనె లేకుంటే కండ్లు మండుతయి రా" అని కొబ్బరినూనె సీసా పట్టుకుని వెంటపడింది. వాడు ఒప్పుకోలేదు. నూనె జడ లోపలికి దిగితే బయటికి రాదు, దుమ్మును పట్టుకుని కూర్చుంటుంది. వాడు పనిచేసేది మిర్యాలగూడలో, రైస్ మిల్లు ఆఫీసులో. తవుడు దుమ్ము, ఊక నలుసు గాలిలోనే ఉంటాయి. మిల్లులో అడుగు పెడుతూనే తలకు గుడ్డ చుట్టేస్తాడు. వారానికోసారి తలస్నానం. జిడ్డు మిగల్చని షాంపూను నీళ్లలో కలిపి, ముందు నెత్తి చర్మానికి పట్టించి, ఆ నురగనే జడల్లోంచి పిండుతాడు. ఇంటి బోరునీళ్లు ఉప్పనివి, సబ్బు సరిగా వదలదు. అందుకని ఆఖరుకు రెండు బకెట్ల మంచినీళ్లు. స్నానం ఎప్పుడైనా పొద్దున్నే, ఎండ ఉన్న రోజునే. తువాలుతో ఒక్కో జడను పిండి, ఎండలో కూర్చుని, తర్వాత ఫ్యాను కింద కూర్చుంటాడు. తడి జడలను ముడేసుకుని పడుకుంటే లోపల బూజు పడుతుంది. ఆ వాసన ముదిరితే కత్తెర తప్ప దారుండకపోవచ్చు. ఆరాక పక్కపక్క జడలు కుదుళ్ల దగ్గర కలిసిపోకుండా చేత్తో విడదీసుకుంటాడు. రాత్రి దిండు మీద నున్నటి శాటిన్ గుడ్డ.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ కొత్త కుదురును రెండు నెలలకోసారి జడలోకి ఎక్కించాలి. దానికి హైదరాబాద్ దాకా పోకుండా, మిర్యాలగూడలో వాడికి జుట్టు కత్తిరించే అతనే సూది పట్టడం నేర్చుకున్నాడు. "ఎక్కువ గుచ్చితే లోపల తెగుద్దన్నా. కుదురు కాడ నొప్పి లేసినా, పొక్కులొచ్చినా మనం గట్టిగ లాగినట్టే" అన్నాడు నాతో. చర్మవైద్యులు చెప్పేదీ అదే. కుదురు మీద లాగుడు ఎక్కువైతే జుట్టు ఊడుతుంది, ఏళ్ల తరబడి అట్లాగే లాగితే ఊడినచోట మళ్లీ రాదు.

మా మేనత్తకు ఇందులో ఒక్క ముక్కా ఎవరూ చెప్పలేదు. పెద్ద జ్వరం వచ్చి మంచాన పడ్డప్పుడు జుట్టు అట్టకట్టింది. ఎల్లమ్మ తల్లి జడలు కట్టింది, దువ్వెన తగలొద్దన్నారు. అంతే, అప్పటినుంచి ఎవరూ ముట్టలేదు. పసుపు, నూనె మాత్రం పోస్తూ వచ్చారు. మెడ నొప్పి ఆమెదే, దురద ఆమెదే, ఒక పక్కకే ఒత్తిగిలి పడుకోవడం ఆమెదే. తడిస్తే ఆరదని తలస్నానమే మానుకుంది.

పోయిన ఎండాకాలం మేనల్లుణ్ని వెంటబెట్టుకుని ఆమెను చూడ్డానికి పోయాను. వాడి తల చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత దగ్గరికి పిలిచి, వాడి జడొకటి చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "కంపు లేదేంది బిడ్డా?" అంది. "కడుగుత అమ్మమ్మా. నీకూ కడగనా?" అన్నాడు వాడు. మేమెవరం అడిగినా ఊరుకునేది కాదు. "నీకూ కట్టినయి గదా, నువ్వు ముట్టొచ్చు" అని తల వంచింది. వాడు గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే మొదట్లో పసుపు రంగు మురికి, తర్వాత నల్లటి మురికి దిగింది. కుదుళ్ల దగ్గర చర్మం ఎర్రగా ఒరిసిపోయి ఉంది. సాయంత్రం దాకా ఎండలో కూర్చోబెట్టాడు. జడ ఒక్కటీ కోయలేదు. ఆమె అడగలేదు, మేమూ అనలేదు.

జడ ముట్టుకుంటే, కోస్తే ఏదో అవుతుందన్న ఈ భయం మన ఒక్కరిదే కాదు. పోలెండ్‌లో జుట్టు ఇట్లాగే అట్టకడితే, కోస్తే గుడ్డితనమో పిచ్చో వస్తుందని వందల ఏళ్లు నమ్మారు. ఆ జబ్బు పేరులోనే వైద్యులు వాళ్ల దేశాన్ని చేర్చి ప్లైకా పోలోనికా అన్నారు. 19వ శతాబ్దంలో క్రాకోవ్ వైద్యుడు జోసెఫ్ డీట్ల్ ఆ నమ్మకంతో తలపడ్డాడు. మనకు దగ్గర్లో, మహారాష్ట్రలో, నరేంద్ర దాభోల్కర్ స్థాపించిన అంధశ్రద్ధా నిర్మూలన్ సమితి కార్యకర్త నందినీ జాదవ్ ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్లకు నచ్చజెప్పి వాళ్ల జడలు తీశారు. ఆమె బ్యూటీషియన్ కూడా. జుట్టు పని తెలిసిన చేయి గనకే ఆ తలలు ఆమె ముందు వంగి ఉంటాయని నాకనిపిస్తుంది. జడ కట్టిందని ఆడపిల్లను దేవతకు విడిచిన ఊళ్లూ ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేసింది.

భక్తితో ఉంచుకుంటామనేవాళ్లను నేను కాదనను. జమైకాలో రాస్తాఫరీ మతం పాటించేవాళ్లకు కూడా జడ అంటే మొక్కే, కానీ వాళ్లలో చాలామంది కడిగి, ఆరబెట్టి, చూసుకుంటారు. పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. 2025లో అయింది, మళ్లీ 2027లో. వైద్య శిబిరం ఎట్లాగూ ఉంటుంది. అందులో ఒక పక్క ఆడవాళ్లకు పరదా కట్టి, నాలుగు డ్రమ్ముల నీళ్లు, ఒక చర్మవైద్యురాలు, జుట్టు పని తెలిసిన ఇద్దరు ఆడవాళ్లు ఉంటే చాలు. కడిగించుకునేవాళ్లు కడిగించుకుంటారు, కోయించుకునేవాళ్లు కోయించుకుంటారు. మా మేనల్లుడు తన షాంపూ సీసాతో వస్తానన్నాడు, మిర్యాలగూడ అతను మగవాళ్ల తలలు చూస్తానన్నాడు. సూర్యాపేట జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి ఈ సంగతి రాసి ఇస్తున్నాను. జాతరకు ముందే పేట, కోదాడ బ్యూటీ పార్లర్లలో పనిచేసే ఆడపిల్లలు ఎవరైనా కలిసొస్తే వాళ్ల పేర్లూ అందులో చేరుస్తాను.